వేసవి సెలవులు – నీటిరేవులు

చైత్రము గడచి వైశాఖము ప్రవేశించునప్పటికి మారేడ్‌పల్లి వీథులలో మధ్యాహ్నవేళ కాకి యైనను కానరాదు. బడులకు సెలవులిచ్చియుందురు. పిల్లలు ప్రొద్దుట లేచినది మొదలు “అమ్మా, నీళ్లున్న చోటికి పోదము” అని కొంగు పట్టుకొని తిరుగుచుందురు. విశాఖవాసులకు సముద్రము వీథి చివరనే కలదు. బాపట్లవారికి సూర్యలంక, బందరువారికి మంగినపూడి కలవు. మనకన్ననో, సికిందరాబాదు నుండి ఏ దిక్కునకు పోయినను సముద్రతీరము రహదారిని 300 కిలోమీటర్లకు పైమాటయే. నలుదెసల నేలయే గాని నీరు లేని సీమ మనదని నిట్టూర్చు సోదరీమణులు పెక్కురు కలరు.

అట్లు నిట్టూర్ప పనిలేదు. తెలంగాణము చెరువుల సీమ. ఉత్తరమున గోదావరి, దక్షిణమున కృష్ణ ప్రవహించుచున్నవి. మంజీర నడుమ పెద్ద వంపు తిరిగి గోదావరిని చేరుచున్నది. కొదవ నీటికి కాదు, నీటితోడి పరిచయమునకు. ఏ నీరు చూచుటకు తగినది, ఏ నీరు మునుగుటకు తగినది, ఏ నీటికి గట్టుమీదనుండియే నమస్కరించి మరలిపోవలెను – ఈ మూడు సంగతులు గృహిణి ఎరిగియున్నచో వేసవి విహారము సుఖముగా జరుగును. ఎరుగకున్నచో ఒక్క నిమిషములో ఇల్లు చీకటి కావచ్చును. ఈ వ్యాసమున మేము రేవుల పేర్లతోపాటు వాని స్వభావములను గూడ చెప్పుటకు కారణమిదియే.

ప్రబంధములకు విధించిన అష్టాదశ వర్ణనలలో జలక్రీడ యొకటి. కవులు సరస్సులలో దింపిన నాయికలందరు ఈత నేర్చినవారే. మన యింటి ఆడుపిల్లల మాటయేమి? ఏటేటా బతుకమ్మను సాగనంపుటకు చెరువునకు పోవుచున్నాము. కార్తికస్నానములు, పుష్కరస్నానములు చేయుచున్నాము. ఇంతగా నీటియొద్ద మెలగు మనలో, మొలలోతు దాటిన పిమ్మట తన్ను తాను నిలుపుకొనగలవారెందరు? ఈ ప్రశ్నను ప్రతి తల్లియు ప్రయాణపు మూటలు కట్టుటకు ముందే తన్ను తాను అడిగికొనవలెను.

నగరములోని జలాశయములు

ముందుగా మన వాకిటనున్న నీటిని చూతము. హైదరాబాదునకును సికిందరాబాదునకును నడుమనున్న హుస్సేన్ సాగరము 1562 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున హుస్సేన్ షా వలీ పర్యవేక్షణమున నిర్మింపబడినది. చల్లని సాయంకాలమున దాని గట్టుపై నడచుట, పడవనెక్కి బుద్ధవిగ్రహమును చూచివచ్చుట ఎంతయు ఉల్లాసకరములు. తెరచాప పడవల పందెములు గూడ ఈ జలాశయమున జరుగుచుండును. కాని ఇందు కాలు కడుగుటయు కూడదు. నాలుగు నాలాలు నగరపు మురుగును తెచ్చి ఇందు కలిపినవి. వానిలో మన ప్రక్కనే పారు పికెట్ నాలా యొకటి. మన వంటయింటి తూమునుండి పోయినదే అక్కడ తేలుచున్నదన్నమాట.

మనకు చేరువనున్న సఫిల్‌గూడ చెరువుకట్టపై కట్టమైసమ్మ వెలసియున్నది. అమ్మవారికి మ్రొక్కి గట్టువెంట నడచిరావచ్చును, అంతియే. బన్సీలాల్‌పేటలోని మెట్లబావి ఏండ్లతరబడి చెత్తతో పూడియుండి, బాగుచేయబడి 2022 డిసెంబరులో మరల ప్రజలకు తెరువబడినది. పూర్వులు నీటిని ఎంత గౌరవముతో చూచిరో పిల్లలకు చూపుటకు అంతకంటె మంచి పాఠశాల లేదు. అదియు చూచుటకే గాని దిగుటకు కాదు.

ఇక గండిపేట, హిమాయత్ సాగరము. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని బలిగొన్న పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి ఈ రెండు జలాశయములు కట్టబడినవి. ఉస్మాన్ సాగరమనబడు గండిపేట 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు పుట్టి, నగరమునకు త్రాగునీరిచ్చుచున్న జలములివి. పదిమంది త్రాగు నీటిలో స్నానము చేయుట మర్యాద కాదు, అందునకు అనుమతియు లేదు. గట్టున కూర్చుండి పులిహోర తిని, ఆకులు మూటగట్టుకొని ఇంటికి తెచ్చుటయే ఉచితము.

ముందు ఈత, తరువాత యాత్ర

అట్లయిన నగరమున నీట దిగుటకు చోటే లేదా? కలదు. పురపాలకుల ఈతకొలనులు, క్లబ్బుల కొలనులు, 2002లో జాతీయ క్రీడల సందర్భమున గచ్చిబౌలిలో నిర్మించిన పెద్ద కొలను ఉన్నవి. వేసవి సెలవులలో పిల్లలకు ఈత నేర్పు తరగతులు పెక్కుచోట్ల జరుగును. స్త్రీలకు ప్రత్యేకవేళలు ఏర్పరచు కొలనులును కలవు. నదికి పోవుటకు నెలదినముల ముందు ఈ కొలనులో చేరుట యాత్రలో మొదటి మజిలీ యని మా యభిప్రాయము. కొలనులో చేరునపుడు నాలుగు విషయములు విచారింపవలెను: నీరు అడుగు కనబడునంత తేటగా నున్నదా? లోతు ఇంతయని గోడపై వ్రాసియున్నదా? రక్షకుడు నీటిని చూచుచున్నాడా, సెల్‌ఫోనును చూచుచున్నాడా? స్త్రీలకు నేర్పుటకు స్త్రీ యున్నదా?

పూర్వము పల్లెలలో పిల్లలు మోటబావులలో ఈత నేర్చెడివారు. ఎండిన సొరకాయబుర్రనో, బెండునో నడుమునకు కట్టి, తండ్రియో మేనమామయో నీట దింపెడివాడు. మగపిల్లలకు దొరికిన ఈ విద్య ఆడుపిల్లలలో కొందరికే దొరికినది. పట్టణమునకు వచ్చిన పిమ్మట మగపిల్లలకును అది కరవైనది. బావిలో పెరిగిన తాతకు కుళాయి క్రింద పెరిగిన మనుమడు పుట్టెను. అట్టి మనుమడే సెలవులలో స్నేహితులతో కూడి ఆనకట్టకు పోయి, తాతకున్న ధైర్యమును చూపబోవుచున్నాడు.

“ఈ వయసున మాకు ఈత యేమి?” అని వెనుదీయు తల్లులకు ఒక్క సంగతి చెప్పెదము. హైదరాబాదు వాస్తవ్యురాలైన గోలి శ్యామల నలువది యేండ్లు దాటిన తరువాతనే ఈత నేర్చినది. అంతకుముందు ఆమెకు నీరన్న భయము. ఆమెయే 2021 మార్చి 19న శ్రీలంకలోని తలైమన్నారు నుండి మన ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషములలో ఈదినది. 1926లో గెర్ట్రూడ్ ఎడెర్లీ అను అమెరికా యువతి ఇంగ్లీషు కాలువను, అంతకుముందు దాటిన పురుషులందరికంటె తక్కువ వేళలో దాటినది. 1959లో మన ఆరతీ సాహా ఆ కాలువను ఈదిన మొదటి ఆసియా మహిళ యైనది. మనము సముద్రములు దాటనక్కరలేదు. వెల్లకిల పరుండి రెండు నిమిషములు నీటిపై తేలుట, ఇరువదిగజములు చేతులాడించి గట్టు చేరుట – ఈ రెండును వచ్చిన తల్లి తన బిడ్డకు సగము రక్షణ.

నదీతీరములు

ఈత కొంత వచ్చిన పిమ్మట నదికి పోవచ్చును. మెదకు జిల్లాలోని ఏడుపాయల మారేడ్‌పల్లి వారికి ఒక దినములో పోయిరాదగిన చోటు. మంజీర యచ్చట ఏడు పాయలుగా చీలి, బండల నడుమ ప్రవహించి, వనదుర్గా భవాని గుడిముందు సాగిపోవును. వేసవిలో పాయలు సన్నగిలి, మోకాలిలోతు నీరు బండలపై జారుచుండును. పిల్లలు కూర్చుండి ఆడుకొనుటకు అనుకూలము. అయినను రెండు జాగ్రత్తలు అవసరము. బండల సందులలో నీరు కోసిన మడుగులుండును, పైకి అవి తెలియవు. పైనున్న సింగూరు జలాశయము నుండి ఘనపురము ఆనకట్టకు నీరు విడిచినపుడు పాయలు చూచుచుండగనే నిండును. కావున పోయినవెంటనే గుడియొద్ద విచారించి, నీరు విడుచుదినమైనచో దర్శనము చేసికొని మరలవలెను. మంజీర తీరమంతయు ఒక్కటి కాదని గూడ గుర్తుంచుకొనవలెను. సంగారెడ్డి దగ్గరి మంజీర అభయారణ్యమున మొసళ్లు నివసించుచున్నవి. అచ్చట పక్షులను చూచుటయే విహారము.

గోదావరీస్నానము కోరువారికి బాసర కలదు. సికిందరాబాదులో రైలెక్కినచో గోదావరి యొద్దనే దిగవచ్చును. పిల్లలకు సరస్వతీదేవి సన్నిధిని అక్షరాభ్యాసము చేయించుటకు ఎందరో పోవుచుందురు. ధర్మపురిలో గోదావరి దక్షిణముగా ప్రవహించును. కాళేశ్వరమున ప్రాణహిత వచ్చి కలియును. అక్కడ అంతర్వాహినియని చెప్పు సరస్వతికి 2025 మే నెలలో పుష్కరములు జరిగినవి. దక్షిణమునకు పోవువారికి, హైదరాబాదు నుండి కర్నూలు పోవు రహదారి కృష్ణను దాటుచోట బీచుపల్లి ఆంజనేయస్వామి సన్నిధిని రేవు కలదు. ఇది జూరాల ఆనకట్టకు దిగువనున్నందున ఇచ్చటను నీటి విడుదలను గూర్చి అడిగి తెలిసికొనవలెను.

ఈ రేవులన్నిటను మెట్లు కట్టినంతవరకే మనది, మెట్లు దాటిన పిమ్మట నదిది. గోదావరి వేసవిలో సన్నబడి ఇసుకమేటలు వేయును. మేటమీద నడచుచు పోయినచో చీలమండలోతే కదా యనిపించును. కాని ఇసుకమేట అంచు గోడవలె తెగియుండును. ఇసుక తవ్వి తీసికొనిపోయిన చోట్ల గోతులుండును. ఒక అడుగు మోకాలిలోతు, మరుసటి అడుగు నిలువులోతు. 2025 జూన్ నెలలో హైదరాబాదు నుండి కుటుంబములతో బాసరకు వచ్చిన ఐదుగురు యువకులు గోదావరిలో మునిగి మరణించిరి. దేవిని దర్శింపవచ్చిన వారి యిండ్లలో ఆ దినము ఏమి జరిగినదో ఊహింపజాలము.

కాలమును గూర్చియు ఒక మాట. రోహిణికార్తె ఎండలలో నదులు సన్నగా, నిదానముగా నుండును. మృగశిర ప్రవేశించి వానలు మొదలైన పిమ్మట ఎచ్చటనో కురిసిన వానకు ఇచ్చట నీరు వచ్చును. నదిలో దిగు యాత్రలు అంతకు ముందే ముగించుకొనుట మేలు. తేటనీరు హఠాత్తుగా ఎర్రబారినను, పుల్లలు, ఆకులు కొట్టుకొనివచ్చినను, హోరు పెరిగినను, బట్టలు మూటకట్టుటకు గూడ ఆగక గట్టెక్కవలెను. 2014 జూన్ 8న హిమాచలప్రదేశమున బియాస్ నదిలోని బండలపై నిలిచియుండిన హైదరాబాదు ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జి ఆనకట్ట నుండి నీరు విడువగా కొట్టుకొనిపోయిరి. ఆ పిల్లలు ఈదుటకు దిగలేదు. నది నడుమ బండపై నిలిచిరి, అంతియే.

చెరువులు, ఆనకట్టలు

చుట్టముల ఊరికి పోయినపుడు చెరువును చూడగనే పిల్లలకు దిగవలెనని ఉబలాటము. చెరువునకు నాలుగు అంగములు: కట్ట, తూము, మత్తడి, శిఖము. కట్టయొద్దనే లోతు హెచ్చు. తూము తెరచియున్నపుడు నీరు లోనికి లాగుకొనును, కనుక దాని ఛాయలకు పోరాదు. మత్తడి నాచుపట్టి జారును. శిఖమువైపు నీరు పలుచన. తెలిసిన పెద్దలు వెంటనున్నచో పిల్లలు అచ్చటనే ఆడుకొనవలెను. కాని పూర్వపు శిఖము వేరు, నేటిది వేరు. 2015 నుండి మిషన్ కాకతీయ పేరిట పెక్కు చెరువుల పూడిక తీయబడినది. రైతులు ఒండ్రుమట్టిని పొలములకు తోలుకొనిపోయిరి. చెరువునకు అది మేలే. కాని మట్టి తీసినచోట ఏర్పడిన గుంత, నీరు నిండిన పిమ్మట కంటికి కానరాదు. కావున ఊరివారిని, అందును బట్టలుతుకువారిని, చేపలు పట్టువారిని అడిగి, వారు చూపిన చోటనే దిగవలెను.

క్రొత్త జలాశయముల సంగతి ఇంకను వేరు. నగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున సిద్దిపేట జిల్లాలో కట్టిన కొండపోచమ్మ సాగరము 2020లో ప్రారంభమైనది. అది 15 శతకోటి ఘనపుటడుగుల నీటిని పట్టును. దాని గట్టు లోపలివైపు రాళ్లు పరచిన వాలు. దిగుట సులభము, తడిసిన కాళ్లతో ఎక్కుట కష్టము. 2025 జనవరి 11న అచ్చటికి విహారమునకు పోయిన నగరయువకులలో ఐదుగురు మునిగి మరణించిరి. జలాశయమునకు రేవు ఉండదు. రేవులేని నీటిలో దిగరాదు. ఈ ఒక్క సూత్రము పిల్లలకు ఎక్కములవలె కంఠస్థము చేయింపవలెను. నాగార్జునసాగరమునకు పోయినచో లాంచీనెక్కి నాగార్జునకొండను చూడవలెను. ఎత్తిపోతలకు పోయినచో జలపాతమును పైనుండి చూడవలెను. దాని క్రింది మడుగున మొసళ్లున్నవి.

కదలని వెచ్చని నీటిలో మరియొక ఆపద కలదు. మెదడునకు సోకు అమీబా యొకటి అట్టి మంచినీటిలో పెరిగి, ముక్కుద్వారా లోనికి పోవును. ఈ వ్యాధి అరుదే యైనను మిక్కిలి ప్రాణాంతకము. కేరళమున 2024, 2025 సంవత్సరములలో ఈ వ్యాధి ప్రబలినది. కావున పాచిపట్టిన కుంటలలో తల ముంచుట, దుముకుట మానవలెను.

చీర – శత్రువు, మిత్రము

నీటిలో చీర శత్రువు. తడిసిన ఆరుగజములు కాళ్లకు చుట్టుకొని, ఈత వచ్చినవారిని గూడ క్రిందికి లాగును. రేవులో మెట్లమీద కూర్చుండి మునుగుటకు చీర యడ్డు కాదు. అంతకుమించి దిగదలచినవారు ఒంటికి అంటియుండు ఈతదుస్తులో, కనీసము ఓణీ లేని సల్వారు కమీజో ధరింపవలెను. సిగ్గును కాపాడుకొనుటకు నేడు నిండుచేతుల ఈతదుస్తులు గూడ అంగళ్లలో దొరకుచున్నవి. ప్రాణము కంటె సిగ్గు పెద్దది కాదని పిల్లలకు చెప్పు మనము మనకును చెప్పికొనవలెను.

ఒడ్డున ఆ చీరయే మిత్రము. 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లాలోని కొట్టరై ఆనకట్టయొద్ద నలుగురు యువకులు మునిగిపోవుచుండగా, అక్కడనున్న ముగ్గురు స్త్రీలు తమ చీరలను విప్పి నీటిలోనికి విసరిరి. వానిని పట్టుకొని ఇద్దరు ప్రాణములతో గట్టెక్కిరి. తక్కిన యిద్దరు దక్కలేదు. తమిళనాడు ప్రభుత్వము ఆ ముగ్గురిని కల్పనా చావ్లా పేరిటి సాహసపురస్కారముతో గౌరవించినది. వారు చేసినది ఉపాయము, సాహసము రెండును. ఆపదలో మొదట చేయవలసినది దుముకుట కాదు, అందించుట. ఈ సంగతి వారు చూపిరి.

ఆపద వచ్చినచో

మునుగువారు కేకలు వేయుదురని, చేతులూపుదురని సినిమాలు చూచి అనుకొందుము. నిజమునకు వారికి ఊపిరి పీల్చుటయే కష్టము, కేక ఎక్కడిది? నోరు నీటిమట్టమున మునిగి తేలుచుండును, చూపు నిలిచిపోవును. చిన్నపిల్లలు చప్పుడే లేక మునుగుదురు. కావున చిన్నవారు నీటిలోనున్నంతసేపు పెద్దవారొకరు చేయి చాచినంత దూరముననే ఉండవలెను. వంటచేయువారు వేరు, కావలివారు వేరు కావలెను. కావలిలోనున్నవారు సెల్‌ఫోను ముట్టరాదు.

ప్రయాణపు సామానులో పదిగజముల త్రాడొకటి, మూత బిగించిన ఖాళీ నీళ్లడబ్బా యొకటి తప్పక ఉంచవలెను. ఎవరైన మునుగుచున్నచో కేకవేసి పదిమందిని పిలిచి, ఒడ్డున బోర్లా పరుండి కర్రనో, చీరనో అందింపవలెను. దూరమైనచో త్రాటికి కట్టిన డబ్బాను విసరవలెను. ఈత వచ్చినంత మాత్రమున దుముకరాదు. మునుగువాడు భయముచే మెడను పట్టుకొనును, అప్పుడు ప్రాణములు రెండు పోవును. మనమే ప్రవాహమున చిక్కినచో ఎదురీదక, వెల్లకిల తిరిగి, కాళ్లు ప్రవాహమువైపునకు చాచి, ఏటవాలుగా గట్టును చేరవలెను.

బయటికి తీసినవారిని తలక్రిందులుగా పట్టుట, గిరగిర త్రిప్పుట, పొట్ట నొక్కుట పనికిరావు. శ్వాస లేనిచో వెల్లకిల పరుండబెట్టి, గడ్డము పైకెత్తి, ముక్కు మూసి, నోటితో నోటిలోనికి మొదట రెండు మొదలు ఐదుమారులు ఊపిరి ఊదవలెను. పిమ్మట రొమ్ము నడుమ అరచేయి మడమతో నిమిషమునకు 100 నుండి 120 చొప్పున 30 మారులు ఒత్తి, మరల రెండుమారులు ఊదవలెను. వైద్యసహాయము వచ్చువరకు దీనిని ఆపరాదు. ఒకరు ఇది చేయుచుండగా మరియొకరు 108కి ఫోను చేయవలెను. ఒక నిమిషములో తేరుకొన్నవారిని గూడ వైద్యునికి చూపింపవలెను.

ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2021లో ప్రపంచమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో పిల్లలును పెక్కురు కలరు. ఈ మాట చెప్పుట సోదరీమణులను భయపెట్టి ఇంట కూర్చుండబెట్టుటకు కాదు. నీటికి భయపడి పెరిగిన పిల్లవాడే ఒకనాడు మనకు తెలియకుండ నీటికి పోవును. నీటిని ఎరిగి పెరిగిన పిల్లవాడు ఎక్కడ ఆగవలెనో ఎరుగును. కావున ఈ వేసవిలో మొదటి నెల కొలనునకు, రెండవ నెల నదికి కేటాయింపుడు. కుమారులతోపాటు కుమార్తెలను, కుమార్తెలతోపాటు మీరును నీట దిగుడు. సముద్రము లేని సీమలో పుట్టినందుకు చింత యక్కరలేదు. ఈత రాకుండ పెరిగినందుకే చింత, అదియు ఒక్క వేసవిలో తీర్చుకొనదగినదే.